ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు: అందరూ అడిగే ప్రశ్నలు, సూటిగా జవాబులు

ఓర్వకల్లులో విమానాలు దిగడం మొదలై ఏళ్లు గడిచినా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో, పెళ్లిళ్లలో, టీ కొట్ల దగ్గర అవే ప్రశ్నలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఏ రోజు ఏ టైముకి విమానం అన్నది మాత్రం ఇక్కడ రాయడం లేదు. అది సీజన్‌కోసారి మారుతుంది, బుక్ చేసేముందు యాప్‌లో చూసుకోవడమే మేలు.

ఇంతకీ ఇది కర్నూలుదా, నంద్యాలదా?

కాగితం మీద కర్నూలు జిల్లా, ఓర్వకల్లు మండలం. కర్నూలు–నంద్యాల హైవే పక్కనే, కర్నూలు నుంచి సుమారు 20 కిలోమీటర్లు, నంద్యాల నుంచి 50 పైన. టికెట్ మీద కేజేబీ అని ఉంటుంది, అదే మనది. పొదుపు సంఘాల వల్ల ఎయిర్‌పోర్టు రాకముందే పేరున్న మండలం ఇది. సోలార్ పార్కు చూడ్డానికి, రాక్ గార్డెన్‌కి వెళ్లినవాళ్లకి దారి తెలిసే ఉంటుంది.

ఎన్నిసార్లు ప్రారంభించారు దీన్ని?

రెండుసార్లు. నవ్వొద్దు, నిజమే. 2019 జనవరిలో, ఎన్నికల ముందు, చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. అప్పటికి మామూలు ప్రయాణికుల విమానాలు నడపడానికి విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు రాలేదు. అది 2021 జనవరిలో వచ్చింది. 2021 మార్చి 25న జగన్‌మోహన్ రెడ్డి మళ్లీ రిబ్బన్ కట్ చేశారు, అదే సభలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెడుతున్నట్టు చెప్పారు. మార్చి 28న మొదటి ఇండిగో విమానం వచ్చింది. ఎవరి హయాంలో వచ్చింది అనే పంచాయితీకి నా దగ్గర తీర్పు లేదు, ఇద్దరి శిలాఫలకాలూ చదువుకోండి.

ఆ పేరు ఎందుకు?

ఈస్టిండియా కంపెనీ వాళ్ల మీద 1846లో తిరగబడిన పాలెగాడు ఆయన. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. జనం భయపడాలని తలని కోట మీద ఏళ్ల తరబడి వేలాడదీసే ఉంచారు. ఈ గడ్డ మీద ఆయన పేరు కాకుండా ఇంకెవరి పేరు పెట్టినా ఒప్పుకునేవాళ్లు కాదు.

ఇది కేంద్రానిదా? ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నడుపుతుందా?

కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. కడప ఎయిర్‌పోర్టు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. ఓర్వకల్లుది మాత్రం రాష్ట్ర ప్రభుత్వానిది, ఆంధ్రప్రదేశ్ ఎయిర్‌పోర్ట్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కింద ఉంటుంది. తేడా ఏంటంటారా? గడ్డి కోయడం నుంచి ఫైరింజను డ్రైవరు జీతం దాకా ఖర్చు చివరికి రాష్ట్ర ఖజానా మీదే పడుతుంది. కాబట్టి ఫిర్యాదు చేయాలన్నా, అడగాలన్నా ఢిల్లీ కంటే ముందు విజయవాడ వైపు చూడాలి.

ఎక్కడెక్కడికి విమానాలున్నాయి?

మొదట్లో బెంగళూరు, చెన్నై, విశాఖపట్నం. 2025 జూలై 2 నుంచి విజయవాడకి, వారానికి మూడు రోజులు. ఈ విజయవాడ విమానం కోసం మనోళ్లు చాలాకాలం అడిగారు, ఎందుకంటే సచివాలయం పనులన్నీ అక్కడే, రోడ్డు మీద వెళ్తే ఆరేడు గంటలు, రాత్రి బస్సు దిగి స్నానం ఎక్కడ చేయాలో తెలియక బస్టాండు దగ్గర లాడ్జి వెతుక్కుని, పదింటికల్లా ఆఫీసు ముందు నిలబడితే సారు టూర్‌లో ఉన్నారంటారు. విమానం వచ్చినంత మాత్రాన సారు సీట్లో ఉంటాడని కాదు గానీ నడుం నొప్పి తగ్గుతుంది.

రూట్లు వస్తుంటాయి, పోతుంటాయి. ఇవాళ ఉన్నది వచ్చే సీజన్లో ఉంటుందని ఎవరూ రాసివ్వరు. ఎందుకో కింద చెప్తాను.

హైదరాబాద్‌కి వేస్తే ఎంత బాగుండు?

అందరి కోరికా అదే. నా లెక్క మాత్రం వేరే. శంషాబాద్ మనవైపే ఉంది, కర్నూలు నుంచి 44వ నంబరు హైవే ఎక్కితే మూడు గంటల్లో చేరొచ్చు. విమానమైతే ఓర్వకల్లుకి అరగంట, గంటన్నర ముందు వెళ్లి కూర్చోవడం, గాల్లో ముప్పావు గంట, దిగి బయటికి రావడం, మళ్లీ క్యాబ్. మిగిలేది ఏమీ లేదు, డబ్బులు మాత్రం పోతాయి. హైదరాబాద్ విమానం నిజంగా పనికొచ్చేది అక్కడ దిగి గల్ఫ్‌కో, అమెరికాకో, ఢిల్లీకో మారేవాళ్లకి, అదీ రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండి లగేజీ నేరుగా వెళ్లిపోతే.

అన్నట్టు వరంగల్ వాళ్లు మామునూరు ఎయిర్‌పోర్టు కోసం ఏళ్ల తరబడి ఆగిన కారణాల్లో ఒకటి శంషాబాద్ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల నిబంధన. ఆ దూరంలోపు ఇంకో ఎయిర్‌పోర్టు పెట్టాలంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టు వాళ్లు అభ్యంతరం లేదనాలి. ఓర్వకల్లు గీత గీసి కొలిచినా 150 దాటుతుంది కాబట్టి మనకి ఆ తలనొప్పి రాలేదు.

పెద్ద విమానాలు ఎందుకు రావు?

రన్‌వే పొడవు 2,000 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. ఇక్కడికొచ్చే చిన్న ఫ్యాన్ల విమానం ఏటీఆర్ 72కి ఇది హాయిగా సరిపోతుంది. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివాటికి మామూలుగా 45 మీటర్ల వెడల్పు చూస్తారు, పొడవు కూడా ఇంకా ఉంటే మంచిదంటారు. వెడల్పు చేయలేమా అంటే చేయొచ్చు. కానీ అది దాదాపు 180 సీట్ల విమానం. దాన్ని రోజూ నింపేంత మంది ఓర్వకల్లు నుంచి ఒకే ఊరికి వెళ్తారా? సగం ఖాళీగా వారానికి రెండుసార్లు తిరిగే పెద్ద విమానం కంటే రోజూ పొద్దున, సాయంత్రం తప్పకుండా వచ్చే 78 సీట్ల ఏటీఆర్ మనకి వెయ్యి రెట్లు మేలు. పెద్ద విమానం పెద్ద విమానం అని అడిగి అడిగి అసలు అడగాల్సింది మర్చిపోతున్నాం.

ఆ ఫ్యాన్ల విమానం ఎక్కాలంటే భయంగా ఉంది. సేఫేనా?

సేఫే. ఫ్యాన్ కనిపిస్తుందని పాతకాలపుది అనుకోవద్దు, దాన్ని తిప్పేది జెట్ ఇంజన్లలో ఉండేలాంటి టర్బైనే. దగ్గరి దూరాలకి ఇంధనం తక్కువ తాగుతుందని ప్రపంచమంతా వాడతారు. శబ్దం కాస్త ఎక్కువ, ఎండాకాలం మధ్యాహ్నం కుదుపులు కూడా ఉంటాయి, తక్కువ ఎత్తులో వెళ్తుంది కాబట్టి.

మొదటిసారి ఎక్కేవాళ్లు తికమకపడేది ఒకటుంది. దీనికి జనం ఎక్కే తలుపు వెనకవైపు, తోక దగ్గర ఉంటుంది. ముందు భాగంలో సామాన్లు పెడతారు. టెర్మినల్ నుంచి నడుచుకుంటూ వెళ్లి నాలుగు మెట్లెక్కితే లోపలుంటారు, ఆ మెట్లు కూడా తలుపుకే మడతపెట్టి ఉంటాయి. కాబట్టి ముందు వరుస కావాలని డబ్బులు కట్టి సీటు తీసుకుంటే అందరికంటే ఆఖర్న దిగేది మీరే. రెక్కలు పైన ఉంటాయి, అందువల్ల ఏ కిటికీ దగ్గర కూర్చున్నా నేల కనిపిస్తుంది. వానాకాలంలో అయితే చెరువులు, పచ్చ చేలు, మధ్యలో సోలార్ పలకలు వరసగా మెరుస్తూ భలే ఉంటాయి, పిల్లలుంటే కిటికీ సీటు వాళ్లకే ఇవ్వండి.

గంట ప్రయాణానికి 2,500 రూపాయలే అన్నారు, నాకు ఐదు వేలు చూపిస్తోంది. మోసమా?

మోసం కాదు, పూర్తిగా చెప్పలేదంతే. చిన్న ఊళ్లకి తక్కువ రేటుకి విమానాలు నడిపించే కేంద్రం ఉడాన్ పథకం మొదలైనప్పుడు పెట్టిన నిబంధన ఏంటంటే, సుమారు గంట ప్రయాణానికి 2,500 అన్నది విమానంలో దాదాపు సగం సీట్లకే, మిగతావి కంపెనీ ఇష్టం. పైగా ఆ తక్కువ రేటు కోసం కంపెనీకి ప్రభుత్వం ఇచ్చే సాయం ఒక రూట్‌కి మూడేళ్లే. 2021 మార్చిలో మొదలైన రూట్లకి లెక్క ప్రకారం ఆ గడువు 2024తో అయిపోయింది. తర్వాత రేటు మార్కెట్ రేటే. నెల ముందు చూడండి, పండగ ముందు రోజు చూసి తిట్టుకోవద్దు. సంక్రాంతికి ప్రైవేటు బస్సువాడు ఎంత తీసుకుంటాడో మనకి తెలియనిది కాదు కదా.

ఆ సాయం డబ్బు ఎవరిది? మన పన్నులేనా?

కొంత మనదే. సీట్లు తక్కువ రేటుకి ఇచ్చినందుకు కంపెనీకి పడే లోటుని వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరుతో పూడుస్తారు. అందులో 80 శాతం కేంద్రం వైపు నుంచి, 20 శాతం రాష్ట్రం నుంచి. కేంద్రం వాటాలో పెద్ద భాగం ఢిల్లీ–ముంబై లాంటి పెద్ద రూట్ల విమానాల మీద వేసే లెవీ నుంచి వస్తుంది. ఇవి కాక రాష్ట్రం పోలీసు భద్రత, ఫైర్ సర్వీసు ఉచితంగా ఇవ్వాలి, విమాన ఇంధనం మీద వ్యాట్ 1 శాతానికి తగ్గించాలి.

ఇక ఎయిర్‌పోర్టు నడిపే ఖర్చు. రోజుకి ఒక్క విమానం వచ్చినా పది వచ్చినా ఫైరింజను సిద్ధంగా ఉండాల్సిందే, పిలుపు వచ్చిన మూడు నిమిషాల్లో రన్‌వే మీద ఏ మూలకైనా చేరాల్సిందే. కంచె చూసుకునేవాళ్లు, కుక్కల్ని, పందుల్ని రన్‌వే మీదకి రాకుండా తరిమేవాళ్లు, టవర్, స్కానర్లు, ఇవన్నీ విమానాల సంఖ్యతో తగ్గవు. అందుకే తక్కువ విమానాలున్న ఎయిర్‌పోర్టు మీద తలకి పడే ఖర్చు ఎక్కువ.

అయితే ఇది ఏదో ఒకరోజు మూతపడుతుందా?

ఎయిర్‌పోర్టు మూతపడదు. విమానాలు ఆగిపోవచ్చు, అదే నా టెన్షన్.

పక్కనే కడప చూడండి. పాత రన్‌వే బాగుచేసి 2015 జూన్ 7న కొత్తగా తెరిచారు, బెంగళూరుకి ఎయిర్ పెగాసస్ వచ్చింది. 2016 జూలైకల్లా ఆ కంపెనీయే ఎగరడం మానేసింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లా నుంచి ఉడాన్ మొదలుపెట్టినప్పుడు జెండా ఊపిన మొదటి మూడు రూట్లలో కడప–హైదరాబాద్ ఒకటి, ట్రూజెట్ నడిపింది. ఆ ట్రూజెట్ కూడా 2022లో ఆగిపోయింది. తర్వాత ఇండిగో వచ్చింది. ప్రతిసారీ జనం అలవాటు పడేలోపు విమానం పోవడం, మళ్లీ మొదటికి రావడం.

దేశమంతా ఇదే కథ. ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక చదవండి. ఉడాన్ మూడో విడత దాకా ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో పూర్తి మూడేళ్లు నడిచినవి 112. సాయం అయిపోయాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. అంటే రిబ్బన్ కట్ చేయడం ఈ మొత్తంలో తేలికైన పని. మూడేళ్ల తర్వాత సొంత కాళ్ల మీద నిలబడేది నూటికి ఏడు రూట్లే.

నిలబడ్డవాటిలో ఉండాలంటే కావాల్సింది నా ఉద్దేశంలో ఒక్కటే, నమ్మకమైన టైము. పొద్దున వెళ్లి పని చూసుకుని సాయంత్రం రాగలిగితే వ్యాపారస్తుడు ఎక్కుతాడు, ఆస్పత్రి చూపించుకునేవాళ్లు ఎక్కుతారు. మధ్యాహ్నం వెళ్లి మర్నాడు విమానం లేక ఎల్లుండి దాకా ఆగాలంటే ఎవరెక్కుతారు? విమానం లేని రోజుకి బస్సు ఎక్కినవాడు ఉన్న రోజు కూడా బస్సే ఎక్కుతాడు. అలవాటు అంటే అదే. తర్వాత ‘డిమాండ్ లేదు’ అని కంపెనీ లెక్క చూపిస్తుంది, ఆ లెక్కా అబద్ధం కాదు.

మంత్రులు దిగడానికి తప్ప ఎందుకు పనికొచ్చింది?

మంత్రులు దిగుతారు, నిజమే. 2025 అక్టోబరు 16న ప్రధాని శ్రీశైలం వెళ్లినప్పుడు కూడా ఇక్కడే దిగి హెలికాప్టర్ ఎక్కారు, తిరిగొచ్చి నన్నూరు దగ్గర సభ పెట్టారు. ఆరోజు హైవే మీద ఇరుక్కున్నవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది.

కానీ ఇదే రన్‌వే రోగిని తీసుకెళ్లే ఎయిర్ అంబులెన్సుకీ, వరదలప్పుడు వచ్చే హెలికాప్టరుకీ పనికొస్తుంది. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు మన దగ్గర ఇది లేదు. ఆ నాలుగు రోజులు గుర్తున్నవాళ్లెవరూ రన్‌వే దండగ అనరు.

ఓర్వకల్లు పారిశ్రామిక వాడ సంగతి కూడా చూడాలి. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తి రెండూ ఉన్నాయి, ఓర్వకల్లుది 2,621 ఎకరాలు. ఫ్యాక్టరీ పెట్టే పెద్దమనిషి స్థలం చూడ్డానికి వచ్చేముందు అడిగే మొదటి నాలుగైదు ప్రశ్నల్లో నీళ్లు, కరెంటుతో పాటు విమానం కూడా ఉంటుంది. అయితే ఆ ఫ్యాక్టరీలు నిజంగా వచ్చి మనోళ్లకి పని దొరికినప్పుడే ఆ లాభం మనదని ఒప్పుకుంటాను, అప్పటిదాకా అది కాగితం.

నేను రైతుని. జన్మలో విమానం ఎక్కను. నాకేంటి?

సూటి ప్రశ్న. రేపటికి రేపు మీకేమీ లేదు, ఉందని చెప్పేవాణ్ణి నమ్మొద్దు. ఏటీఆర్ పొట్టలో ఉల్లిగడ్డ బస్తాలు వెళ్లవు, వెళ్లినా గిట్టుబాటు కాదు. మీ పిల్ల బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఇంట్లో ఎవరికైనా బాగాలేదని ఫోనొస్తే గంటలో రాగలగడం, అది లాభమే. అదీ ఆ రోజు విమానం ఉంటే.

నాకు ఒక కోరిక ఉంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తన ఎయిర్‌పోర్టుల్లో అవసర్ అనే పథకం కింద మహిళా సంఘాలకి అమ్మకాలకి చోటిస్తోంది. మనది రాష్ట్రానిది కాబట్టి అది దానంతటది వర్తించదు. కానీ పొదుపు సంఘాలు ఇంత బలంగా ఉన్న మండలంలో, ఓర్వకల్లు ఆడవాళ్లు చేసిన పచ్చళ్లు, జొన్న మురుకులు కాకుండా ఎక్కడో తయారైన చిప్స్ ప్యాకెట్లు అమ్మితే ఏం బాగుంటుంది?

ఎయిర్‌పోర్టులో ఉద్యోగం ఇప్పిస్తామని ఒకాయన 80 వేలు అడుగుతున్నాడు…

ఇవ్వొద్దు. చిన్న ఎయిర్‌పోర్టులో ఉండే ఉద్యోగాలే కొన్ని: సెక్యూరిటీ, ఫైర్, గ్రౌండ్ స్టాఫ్, హౌస్‌కీపింగ్. ఏ విమాన కంపెనీ కూడా ఉద్యోగానికి డబ్బులు తీసుకోదు. యూనిఫాం డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అన్నారంటే అది మోసమే, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పెళ్లికి డ్రోన్ ఎగరేయొచ్చా? ఫోటోగ్రాఫర్ ఏం కాదంటున్నాడు.

పెళ్లి మండపం ఎక్కడుందో చూడండి. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 5 కిలోమీటర్లలోపు అసలు వద్దు, అది రెడ్ జోన్. 5 నుంచి 8 దాకా ఎల్లో జోన్, అనుమతి లేకుండా నేల మీద నుంచి లేపకూడదు. 8 నుంచి 12 దాకా 200 అడుగులు దాటకూడదు. ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై డ్రోన్ మ్యాప్‌లో ఊరు కొడితే రంగు చూపిస్తుంది, రెండు నిమిషాల పని. ఏం కాదన్న ఫోటోగ్రాఫర్ కేసు పెట్టినప్పుడు కనిపించడు.

ఇంకోటి, చికెన్ కొట్ల వ్యర్థాలు హైవే పక్కన పారబోయడం. దానికి గద్దలు వస్తాయి, గద్ద ఇంజన్లో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎయిర్‌పోర్టు చుట్టూ 10 కిలోమీటర్లలో ఇలా మాంసం చెత్త పారేయడం నేరం.

లగేజీ ఎంత? పచ్చడి తీసుకెళ్లొచ్చా?

మామూలు టికెట్ మీద చెక్-ఇన్‌లో 15 కిలోలు, చేతిలో 7. ఏటీఆర్‌లో తల మీద అరలు చిన్నవి, గట్టి ట్రాలీ బ్యాగు అందులో పట్టదు, మెత్తటి సంచీ అయితే పడుతుంది. పచ్చడి చెక్-ఇన్‌లో వేయండి, మూత చుట్టూ టేపు వేసి రెండు కవర్లలో పెట్టండి. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచీలోనే. ఎండుకొబ్బరి వద్దు, నూనె ఎక్కువ కాబట్టి మండే వస్తువుల కింద లెక్కేసి తీయించేస్తారు, ఒడిబియ్యంతో పాటు కట్టిన కొబ్బరి చిప్పలు కూడా. కౌంటరు విమానానికి గంట ముందు మూసేస్తారు. ‘మాది చిన్న ఎయిర్‌పోర్టు కదా, ఆగుతారులే’ అనుకుంటే గేటు బయటే ఉండిపోతారు.

బస్సుందా?

కర్నూలు–నంద్యాల ఆర్టీసీ బస్సులు ఆ రోడ్డు మీదే తిరుగుతాయి. ఎయిర్‌పోర్టు దగ్గర ఆపుతారా అని ఎక్కేముందే కండక్టర్‌ని అడగండి. ముసలివాళ్లు, లగేజీ ఉంటే ఆటోనో కారో ముందే మాట్లాడుకోండి, విమానం దిగాక బేరానికి దిగితే రేటు వాళ్లదే.

విమానం రద్దయితే?

చిన్న ఎయిర్‌పోర్టుకి ఇది పెద్ద బాధ. ఒకే ఏటీఆర్ పొద్దున్నుంచి నాలుగైదు ఊళ్లు తిరుగుతూ మన దగ్గరికి వస్తుంది, పొద్దున ఎక్కడో గంట లేటైతే అది పోగై పోగై మన దాకా వస్తుంది. పైగా ఉన్నది ఒక్క కంపెనీ. 2025 డిసెంబరులో దేశమంతా ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి కదా, అలాంటప్పుడు పెద్ద ఊరివాళ్లు ఇంకో కంపెనీ టికెట్ కొంటారు, మనకి ఆ దారి లేదు.

మీ హక్కు మాత్రం తెలుసుకోండి. రద్దు చేస్తే వేరే విమానమో, మొత్తం డబ్బు వాపసో, మీరు ఏది అడిగితే అది ఇవ్వాలి. ముందుగా చెప్పకుండా కంపెనీ తప్పుతో రద్దు చేస్తే గంటలోపు ప్రయాణానికి 5,000 దాకా, గంట నుంచి రెండు గంటలకి 7,500 దాకా పరిహారం ఉంటుంది. వాతావరణం బాగోలేకపోతే పరిహారం రాదు. రెండు గంటలు దాటి లేటైతే టిఫినో, భోజనమో పెట్టాలి. అడగకపోతే ఇవ్వరు, మెసేజ్‌లు డిలీట్ చేయకుండా దాచుకుని ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

సరే, ఇంకో విమానం కావాలంటే ఎవర్ని అడగాలి?

ఎంపీకి అర్జీ ఇస్తే ఫోటో దిగి పంపిస్తారు, అది కూడా ఇవ్వండి, తప్పులేదు. కానీ అర్జీలో ‘మా ఊరికి విమానాలు పెంచాలి’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. బెంగళూరుకి నెలకి ఎంతమంది వెళ్తున్నారో, ఏ టైముకి వెళ్లి ఏ టైముకి రావాలో లెక్కతో రాయండి. చాంబర్ ఆఫ్ కామర్స్, కాలేజీలు, ఆస్పత్రులు, బండల వ్యాపారులు, విత్తనాల కంపెనీలు కలిసి రాస్తే ఇంకా మంచిది. ఒక కాపీ రాష్ట్ర ఎయిర్‌పోర్ట్స్ కార్పొరేషన్‌కి, ఒకటి విమాన కంపెనీ నెట్‌వర్క్ ప్లానింగ్ వాళ్లకి, ఒకటి కలెక్టర్‌కి. ఎండాకాలం షెడ్యూలు మార్చి చివరి ఆదివారం నుంచి, చలికాలం షెడ్యూలు అక్టోబరు చివరి ఆదివారం నుంచి మారుతుంది. అడిగేది దానికి నాలుగైదు నెలల ముందు అడగాలి. షెడ్యూలు వచ్చేశాక ధర్నా చేస్తే టీవీలో వస్తుంది గానీ విమానం రాదు.